థైమస్ దాకా వెతికిన స్కాన్

20వ వారం స్కాన్‌లో బిడ్డ గుండెకు ఫాలో టెట్రాలజీ (నాలుగు లోపాలు కలిసి పుట్టుకతో వచ్చే గుండె జబ్బు) ఉందని తేలితే ఈ పిండ వైద్య కేంద్రానికి పంపారు. వేచి ఉండే గది ఇరుకు, కుర్చీలు నా నడుముకు శత్రువులు. స్కాన్ మాత్రం శ్రద్ధగా చేశారు. డాక్టరుగారు గుండెతో ఆగలేదు. దాని ముందుండే థైమస్ గ్రంథిని వెతికి, "చిన్నగా ఉంది, 22వ క్రోమోజోములో ఒక ముక్క లోపించి ఉండవచ్చు" అన్నారు. అంగిలి, మూత్రపిండాలు, చేతివేళ్లు కూడా చూశారు. స్కాన్ అనుమానం వరకే, తేల్చేది ఉమ్మనీటి పరీక్షేనని నిక్కచ్చిగా చెప్పారు. మామూలు క్రోమోజోము పరీక్షకు ఇంత చిన్న లోపం సాధారణంగా అందదట, అందుకే అలాంటి చిన్న లోపాలనూ పట్టే మైక్రోఅరే అనే పరీక్ష రాశారు. మావారు అదే ప్రశ్న మూడుసార్లు అడిగినా విసుక్కోలేదు. కానీ ఫలితం ఫోనులో చెప్పేశారు. అప్పుడు నేను బస్సులో నిలబడి ఉన్నాను.