పెళ్లి తర్వాతి సంవత్సరాల కోసం ఒక యాప్: గాట్‌మన్ కార్డ్ డెక్స్

పెళ్లిరోజు ఏర్పాట్లకు బోలెడు యాప్‌లున్నాయి. ఆ తర్వాతి జీవితం కోసం నేను వాడేది ఇదొక్కటే. డబ్బు కట్టక్కర్లేదు. దాంపత్యాలు ఎందుకు నిలుస్తాయో, ఎందుకు చెడతాయో దశాబ్దాలుగా పరిశోధించిన జాన్ గాట్‌మన్, ఆయన భార్య జూలీల సంస్థ తయారుచేసింది.

లోపల ప్రశ్నల కార్డులు కట్టలుగా ఉంటాయి. మాకు బాగా నచ్చిన కట్ట ‘లవ్ మ్యాప్స్’. పక్కనున్న మనిషి మనసులో ఈమధ్య ఏం నడుస్తోందో మనకెంత తెలుసని అడుగుతుంది: ఇప్పుడున్న టెన్షన్ ఏంటి, తీరని కోరిక ఏంటి, ఇలాంటివి. చిన్నప్పుడు ఆపేసిన వయొలిన్ మళ్లీ మొదలుపెట్టాలని మా ఆవిడకు ఉందని అలాంటి ఒక ప్రశ్నతోనే బయటికొచ్చింది. ఆ రాత్రి పడుకునేసరికి చాలా పొద్దుపోయింది. నాకు ఈ యాప్ విలువ అక్కడే తెలిసింది.

గొడవ మధ్యలో మాత్రం దీన్ని తెరవకండి, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడే బాగుంటుంది. దంపతుల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరేవి కావని గాట్‌మన్ పరిశోధన చెప్పింది. తీరకపోయినా ఆప్యాయంగా మాట్లాడుకోగలగడమే ముఖ్యమట. అది చదివాక మా ఇద్దరికీ ఎంతో ఊరట కలిగింది.

కార్డులు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ప్రశ్నను మన మాటల్లో అడగండి, చదివి వినిపించొద్దు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇది మీకు కాదు. ముందు నమ్మకమైన మనిషి సాయం తీసుకోండి.