చేతి గ్రైండర్‌కు కరెంటు ఛార్జీ: కర్నూలు, గండికోట, కడప, అనంతపురం

కడపలో మేం దిగిన లాడ్జివాళ్ళు చేత్తో తిప్పే కాఫీ గ్రైండర్‌కు 300 రూపాయల కరెంటు ఛార్జీ వేశారు. ఆ కోపంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. అయితే ఇదే ప్రయాణంలో గండికోట దగ్గర ఒక ఇంటి పెరట్లోనూ, అనంతపురంలో ఒక పాత కాఫీ పొడి అంగట్లోనూ మాకు దొరికిన ఆదరణ చెప్పకుండా వదిలేస్తే వాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది. అందుకని వరుసగా చెప్తాను.

మాది కర్నూలు. ఇంట్లో కాఫీ గింజలు నేనే వేయిస్తాను. పచ్చి గింజలు తెప్పించుకుని ఇనుప మూకుడులో వేయించి, ఏ పూటకు ఆ పూట పొడి చేసుకోవడం అలవాటు. మా అత్తమ్మకు షుగర్ ఉంది. పొద్దున అయిదింటికి చక్కెర లేని ఫిల్టర్ కాఫీ ఒక గ్లాసు కడుపులో పడాలి. లేకపోతే పదింటికల్లా తలనొప్పి మొదలవుతుంది, ఆ తర్వాత ఆమెతో మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకని ప్రయాణంలో కూడా చేతి గ్రైండర్, చిన్న స్టీలు ఫిల్టర్, మొదటి రోజుకు సరిపడా వేయించిన గింజలు, ఒక గుడ్డసంచిలో 200 గ్రాముల పచ్చి గింజలు వెంట పెట్టుకున్నాను. మా ఆయన "ఇంత సామానా?" అన్నాడు కానీ డిక్కీలో సర్దింది ఆయనే.

ఓర్వకల్లు రాతివనం, బెలుం గుహలు చూసుకుని సాయంత్రానికి గండికోట చేరాం. గుహలు పొడవు 3,229 మీటర్లట. అత్తమ్మ అందులో కొంతదూరమే నడిచి, ఉక్క భరించలేక బయటికొచ్చి కూర్చుంది. మిగతా రోజంతా హాయిగా గడిచింది.

గండికోటకు దగ్గర్లో ఒక ఊళ్ళో, ఇంట్లోనే రెండు గదులు అద్దెకిచ్చే వాళ్ళ దగ్గర దిగాం. గది 1,400. రాత్రి భోజనం మనిషికి 250: రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల పచ్చడి. అత్తమ్మ మాంసం తినదంటే ఆమెకు విడిగా గోంగూర పప్పు చేసి పెట్టారు, దానికి పైసా తీసుకోలేదు. ఏసీ లేదు, మంచాలు పాతవి, బాత్రూమ్ తలుపు గడియ సరిగా పడదు. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. కారణం ఆ ఇంటి అక్క.

భోజనాలకు ముందు, పెరట్లో పొయ్యి మీద గింజలు వేయించుకోనిస్తారా అని అడిగాను. ఎందుకు, ఏమిటి అని అడగకుండా చెనక్కాయలు వేయించే పెద్ద మూకుడు కడిగి ఇచ్చింది. నేను ఇంట్లో గ్యాస్ మీద వేయిస్తాను, కట్టెల మంట నాకు కొత్త. ఆమె పక్కనే కూర్చుని కట్టెలు వెనక్కి లాగుతూ, ముందుకు తోస్తూ మంట చూసుకుంది. "చెయ్యి ఆపొద్దు పాపా, ఆపితే ఒక పక్క మాడతాది" అని మాత్రం రెండు మూడుసార్లు అంది. కాఫీ వేయించడంలో సగం కష్టం అదే. పచ్చి గింజలో 10 నుంచి 12 శాతం తేమ ఉంటుంది. మొదట అది ఆవిరైపోవాలి. గింజ ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి లేత గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ దశలో మంట ఎక్కువైతే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, మరీ తక్కువైతే గింజ ఎండిపోయి కాఫీ చప్పగా తయారవుతుంది. గింజ సుమారు 196 డిగ్రీలకు చేరేసరికి చిటపటమని పేలడం మొదలవుతుంది. దాన్నే ఫస్ట్ క్రాక్ అంటారు. లోపలి ఆవిరీ వాయువులూ బయటికి తన్నుకొస్తుంటే వచ్చే చప్పుడు అది. అక్కడి నుంచి ప్రతి పది సెకన్లకూ రుచి మారిపోతుంది. ఇంకా ఉంచితే 224 డిగ్రీల దగ్గర రెండోసారి సన్నగా చిట్లుతుంది, నూనె పైకి తేలుతుంది. నాకు అంత నలుపు పడదు. మొదటి పేలుళ్ళు సద్దుమణిగిన కాసేపటికి దించేశాను.

దించాక వెంటనే చల్లార్చాలి. లేదంటే గింజలో ఉన్న వేడికే ఇంకా వేగుతూ పోతుంది. ఇంట్లో నేను టేబుల్ ఫ్యాన్ కింద జల్లెడ పెడతాను. ఆ అక్క చేట తెచ్చి, గాలివాటం చూసి నిలబడి చెరిగింది. గింజ మీది సన్నపొర అంతా రేగి గాలిలో కలిసిపోయింది. గింజలు చల్లబడ్డాయి. వాళ్ళ పిల్లాడు ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. 200 గ్రాములు వేయిస్తే తూకానికి దాదాపు 170 మిగులుతాయి. అందులో రెండు గుప్పెళ్ళు ఆమెకిచ్చాను.

వేయించిన రోజే కాఫీ పెట్టుకోకూడదు. గింజలోంచి బొగ్గుపులుసు వాయువు బయటికొస్తూ ఉంటుంది. తొందరపడితే డికాక్షన్ నురగ కట్టి రుచి నిలకడగా రాదు. రెండు మూడు రోజులు ఆగితే మంచిది, కనీసం ఒకటిన్నర రోజైనా ఆగాలి. అందువల్ల మర్నాడు కడప చేరాక సాయంత్రం కాఫీకి పొడి బయట కొనాల్సి వచ్చింది.

ఇక కడప. ఊరి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దేవుని కడప, పెద్ద దర్గా రెండూ ప్రశాంతంగా చూశాం. 50 రూపాయల కారం దోశ కోసం మా ఆయన రెండుసార్లు వెళ్ళాడు. ఫిర్యాదంతా మేం దిగిన లాడ్జి మీదే. ఆన్‌లైన్‌లో ముగ్గురికి గది 2,200 అని, గదిలో కెటిల్ ఉంటుందని చూపించారు. కెటిల్ ఉందని చూసే అది బుక్ చేశాను. తీరా వెళ్తే మూడో మంచానికి 400 అదనం అన్నారు. గదిలో కెటిల్ లేదు. అడిగితే 500 డిపాజిట్ కట్టమన్నారు. కట్టాం. అరగంట తర్వాత వచ్చిన కెటిల్ అడుగున సున్నం పేరుకుని ఉంది. అత్తమ్మే నిమ్మకాయ తెప్పించి, కోసి వేసి, నీళ్ళు మరగబెట్టి కడిగింది. ఆ వయసులో ఆమె అంత పని చేయాల్సి వచ్చిందని నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

రూమ్ సర్వీసులో కాఫీ తెప్పిస్తే 70 రూపాయలు. చక్కెర వద్దని రెండుసార్లు చెప్పాను. వచ్చింది చక్కెర కలిపేసిన ఇన్‌స్టంట్ పొడి కాఫీ. షుగర్ పేషెంటుకు అది ఎలా ఇస్తారు? వెనక్కి పంపాను, బిల్లులో మాత్రం అలాగే ఉంది.

మా ఆయన బజారుకెళ్ళి ఒక అంగట్లో 'ప్యూర్ కాఫీ, చికోరీ లేదు' అని అడిగి మరీ 250 గ్రాములు 275 రూపాయలకు తెచ్చాడు. ప్యాకెట్టు మీద ఏమీ రాసి లేదు. ఫిల్టర్లో వేస్తే గంటన్నరైనా డికాక్షన్ దిగలేదు, దిగిన కాస్తా తారు రంగులో ఉంది. నాకు అనుమానం వచ్చి గ్లాసు చన్నీళ్ళ మీద చిటికెడు పొడి చల్లాను. కాఫీ పొడి కాసేపు పైనే తేలుతుంది. చికోరీ వెంటనే రంగు చారలు వదులుతూ అడుగుకు దిగుతుంది. ఇందులో చారలే చారలు. చికోరీ అంటే నాకు ద్వేషం లేదు. అది ఒక మొక్క వేరు, ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు, కాఫీకి రంగూ చిక్కదనమూ ఇస్తుంది. అత్తమ్మకు 20 శాతం చికోరీ ఉంటేనే ఇష్టం. కానీ నిబంధన ప్రకారం కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత శాతమో ప్యాకెట్టు మీద రాయాలి. ప్యూర్ ధర తీసుకుని కలిపిన పొడి అమ్మడం మోసమే. మర్నాడు పొద్దున తీసుకెళ్ళి చూపిస్తే, "అందరూ ఇదే తీసుకుపోతారమ్మా, ఎవరూ అడగరు" అన్నాడు. డబ్బు తిరిగివ్వలేదు.

అదే రోజు తెల్లవారుజామున గండికోట గింజలు తీసి, చేతి గ్రైండర్లో తిప్పుకుని, బయట టీ బండి దగ్గర పాలు తెచ్చుకుని కాఫీ పెట్టుకున్నాం. 30 గ్రాములకు మూడు నిమిషాలు తిప్పితే చాలు. ఆ కాఫీ తాగాక అత్తమ్మ ముఖం తేటపడింది. గది ఖాళీ చేసేటప్పుడు మేనేజరు కెటిల్ డిపాజిట్లో 300 పట్టుకుని 200 చేతిలో పెట్టాడు. ఎందుకంటే "పొద్దున్నే గదిలో మిక్సీ ఆడించారు మేడమ్, పక్క రూమువాళ్ళు చెప్పారు. కరెంటు ఛార్జీ" అన్నాడు. మా ఆయన బ్యాగులోంచి గ్రైండర్ తీసి కౌంటరు మీద పెట్టి తిప్పి చూపించాడు. దానికి వైరు లేదు, ప్లగ్గు లేదు. మేనేజరు దాన్ని చూశాడు, చూసి కూడా "బిల్లు కొట్టేశాం, మార్చడం కుదరదు" అన్నాడు. చప్పుడు వల్ల ఎవరికైనా ఇబ్బంది అయిందంటే క్షమాపణ చెప్పేదాన్ని. లేని కరెంటుకు డబ్బెందుకివ్వాలి? నేను రాతపూర్వకంగా ఇమ్మని నిలబడ్డాను. మా ఆయనకు మాత్రం దారి ఆలస్యమవుతుందని టెన్షన్. చివరికి ఆయన మాటే చెల్లింది. తాడిపత్రి దాకా కారులో ఎవరమూ మాట్లాడుకోలేదు. అక్కడ బుగ్గ రామలింగేశ్వరుడి గుడి శిల్పాలు చూశాక మాటలు కలిశాయి.

కడపలో గది చూసుకునేవాళ్ళు కెటిల్ గదిలోనే ఉంటుందా, డిపాజిట్ ఉందా, మూడో మనిషికి ఎంత అని ముందే మెసేజీలో అడిగి, వాళ్ళిచ్చిన జవాబు దాచుకోండి.

అనంతపురంలో 1,500కు శుభ్రమైన గది, పొద్దున 40 రూపాయల ఉగ్గాని బజ్జీ. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. చెప్పాల్సింది క్లాక్ టవర్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక సందులో ఉన్న కాఫీ పొడి అంగడి గురించి. సందు తిరగకముందే వాసన వచ్చింది. లోపల గ్యాస్ మీద తిరిగే చిన్న డ్రమ్ము, పక్కన పొడి మిల్లు, గోడ వెంట గోనెసంచులు. పెద్దాయన ఒక్కో సంచి మూతి విప్పి గింజలు చేతిలో పోశాడు. ప్లాంటేషన్ ఏ అంటే అరబికా అనే కాఫీ రకంలో పండు గుజ్జు తీసి కడిగిన పెద్ద గింజ. పీబెర్రీ అంటే పండులో రెండు పప్పులకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగింది. రోబస్టా చెర్రీ అంటే రోబస్టా అనే ఇంకో రకం గింజను పండుతోపాటే ఎండబెట్టింది. అన్నీ చిక్కమగళూరు వైపు నుంచి వస్తాయట. నేను ఇంట్లోనే వేయించుకుంటానంటే ఆయన కళ్ళు మెరిశాయి. పొడి అమ్మితేనే ఆయనకు లాభం ఎక్కువ, అయినా పచ్చి గింజలే తూచి ఇచ్చాడు. ప్లాంటేషన్ ఏ కిలో 720, పీబెర్రీ అరకిలో 380. పగిలినవీ నల్లవీ కనిపిస్తే తనే ఏరి పక్కన పడేశాడు, ఆ తర్వాతే తూచాడు.

అత్తమ్మ కోసం అప్పటికప్పుడు వేయించి, ఆమె ఫిల్టర్ చిల్లులు చూసి సన్నరవ్వంత పలుకుగా పట్టించి ఇచ్చాడు. పావుకిలో 210. ప్యాకెట్టు మీద పెన్నుతో 'కాఫీ 80, చికోరీ 20' అని, ఆ రోజు తేదీ కూడా రాశాడు. కడప ప్యాకెట్టు చూపిస్తే వాసన చూసి తల ఊపాడు, ఆ అంగడివాణ్ణి ఒక్క మాట కూడా అనలేదు.

అనంతపురం గాలి బాగా పొడిగా ఉంటుంది. గింజలు పట్టేటప్పుడు స్టాటిక్ వల్ల, అంటే రాపిడికి పుట్టే విద్యుత్తు వల్ల, పొడి గ్రైండర్ గోడలకు అంటుకుపోతుంది, చుట్టూ చిమ్ముతుంది. గింజల మీద చెంచా వెనకతో ఒక్క నీటిచుక్క రాసి కలిపి పట్టమని చెప్పాడు. కర్నూలు ఎండల్లోనూ నాకు ఇదే బాధ. ఇంటికొచ్చాక చేసి చూశాను, పొడి అంతా డబ్బాలోనే పడింది.

మొత్తం పెట్రోలు 4,300 అయింది. పచ్చి గింజలు గుడ్డసంచిలో, ఎండ తగలని చోట నెలల తరబడి నిలవుంటాయి కాబట్టి ఒకేసారి ఎక్కువ తెచ్చుకోవడం మేలు. ఆ అంగడి ఆదివారం మధ్యాహ్నం దాకానే తీస్తారు. గింజలు అయిపోతే ఫోన్ చేయమని, కర్నూలు బస్సులో పార్సిల్ వేస్తానని పెద్దాయన అన్నాడు. అత్తమ్మ ఆ నంబరు నా ఫోన్లో కాదు, తన ఫోన్లో వేయించుకుంది.