వానలో గోల్ఫ్: గొడుగా, రెయిన్ సూటా?

జులైలో గోల్కొండ నయాఖిలా కోర్సులో ఆడేవాళ్లకు ఈ సందేహం ఏటా వచ్చేదే.

ఖర్చు: గొడుగు చవక. నిజంగా నీళ్లు ఆపే సూటు ఖరీదెక్కువ. చవక సూటైతే లోపల చెమటకే తడుస్తాం.

శ్రమ: ప్రతి షాట్‌కూ గొడుగు దించాలి, కొట్టాలి, మళ్లీ ఎత్తాలి. నాలుగో హోల్‌కే (బంతిని చేర్చాల్సిన గుంత) విసుగొస్తుంది. సూటు ఒకసారి వేసుకుంటే చాలు. కానీ భుజాల దగ్గర బిగుతుగా ఉంటే స్వింగ్ సగంలోనే ఆగిపోతుంది. కొనేముందు షాపులోనే చేతులు పూర్తిగా తిప్పి చూడండి, ఎవరు నవ్వినా సరే.

ఆటలో గొడుగుకు సూటు సాటిరానిది ఒక్కచోటే: గ్రిప్పులు, అంటే క్లబ్బుల్ని (గోల్ఫ్ కర్రల్ని) పట్టుకునే పిడులు. గొడుగు లోపలి కమ్మీకి పొడి టవల్ వేలాడదీసి, షాట్‌కు ముందు గ్రిప్ తుడుచుకోవచ్చు. తడి గ్రిప్‌తో డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) తిప్పితే బంతి కంటే ముందు క్లబ్బే ఎగిరిపోయేలా ఉంటుంది!

రూలు: మీ గొడుగు మీరే ఒక చేత్తో పట్టుకుని పుట్ (గుంతలోకి బంతిని దొర్లించే షాట్) కొట్టవచ్చు. మీరు కొడుతుండగా క్యాడీ (మీ బ్యాగు మోసే సహాయకుడు) మీకు గొడుగు పట్టకూడదు. పడితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం కొట్టిన దెబ్బలు లెక్కించే ఆటలో) 2 స్ట్రోకుల పెనాల్టీ.

ప్రమాదం: ఈదురుగాలికి గొడుగు తిరగబడుతుంది. ఇక ఉరుము వినబడితే రెండూ దండగే, వెంటనే క్లబ్‌హౌస్‌లోకి వెళ్లిపోవాలి.

క్యాడీ ఉండి, సన్నటి తుంపరైతే గొడుగు. బ్యాగు మీరే మోస్తూ, గాలివానలో 18 హోల్స్ ఆడేట్టయితే సూటు, దాంతోపాటు తడిలో పట్టు పెరిగే రెయిన్ గ్లవ్స్ ఒక జత. 9 హోల్స్‌తో సరిపెట్టేవాళ్లకు సూటు ఖర్చు అనవసరం.