ఒకే 16 జీబీ ర్యామా, రెండు 8 జీబీలా?

ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్ అయితే నా ఓటు రెండు ఎనిమిదులకే.

కారణమంతా అడ్రసులు, అంటే ర్యామ్‌లోని చోట్ల నంబర్లు, పంచే తీరులో ఉంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు ర్యామ్ నుంచి డేటాను క్యాష్ లైన్లు అనే 64 బైట్ల ముక్కల లెక్కన తెచ్చుకుంటాయి. రెండు చానెళ్లలో (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా దారులు) రెండు స్టిక్కులుంటే (ర్యామ్ పలకలు), మొదటి సగం అడ్రసులు ఒకదానికి, మిగతావి రెండోదానికి అన్నట్టు ఉండదు. మెమరీ కంట్రోలర్ పక్కపక్క ముక్కలను రెండిటికీ మార్చిమార్చి పంచుతుంది. అందుకే వరసగా చదువుతున్నా రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేస్తాయి. డీడీఆర్4-3200 రకం ర్యామ్ ఒక చానెల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ ఇస్తే, రెండిట్లో 51.2.

అయితే ఒక్క అడ్రసు అడిగితే జవాబు రావడానికి పట్టే సమయం దీనివల్ల సగం కాదు. బ్రౌజరు, ఎక్సెల్ వాడేవాళ్లకు తేడా పెద్దగా తెలియకపోవడం అందుకే. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ సంగతి వేరు. దానికి సొంత మెమరీ ఉండదు, గేమ్‌లోని ప్రతి ఫ్రేముకూ ఈ ర్యామ్ మీదే ఆధారపడుతుంది. 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో మెరుగైన ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్న చిప్ అయినా, ఒకే చానెల్‌లో ర్యామ్ ఉంటే విండోస్‌లో అది తక్కువ స్థాయి యూహెచ్‌డీ గ్రాఫిక్స్‌గానే కనిపిస్తుంది. డబ్బు పోసి కొన్న చిప్‌ను ఇలా సగం శక్తితో వాడుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5లో ఒక్క స్టిక్కే డ్యూయల్ చానెల్ (రెండు చానెళ్లు) అని కొందరు చెబుతారు. నిజానికి అందులో 32 బిట్ల చిన్న చానెళ్లు రెండుంటాయి, కలిపితే పాత 64 బిట్లే. కాబట్టి రెండో స్టిక్ అవసరం తీరదు.

ఒకే 16 ఎప్పుడు మేలంటే, త్వరలో 32కి వెళ్లాలనుకున్నప్పుడు. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు చానెళ్ల కంటే చోటే ముఖ్యం. ర్యామ్ చాలక అందులోని డేటా ముక్కలు (పేజీలు) ఎస్‌ఎస్‌డీకి వెళ్లాయంటే ఎదురుచూపు వందల రెట్లు పెరుగుతుంది. ఇలాంటివాళ్లు రెండు స్లాట్లూ ఎనిమిదులతో నింపితే రేపు రెండూ తీసేయాల్సి వస్తుంది.

బోర్డుకు అతికించిన 8కి తోడు 16 వేయొచ్చా? వేయొచ్చు. సాధారణంగా రెండిట్లో సమానమైన భాగం డ్యూయల్‌గా, మిగిలింది సింగిల్‌గా నడుస్తుంది.

కొనేముందు టాస్క్ మేనేజర్‌లో స్లాట్ల సంఖ్య చూడండి. అతికించిన చిప్‌లను కూడా అది స్లాట్లుగా లెక్కించవచ్చు కనుక, మీ మోడల్ మాన్యువల్‌తో సరిపోల్చుకున్నాకే ఆర్డర్ పెట్టండి.