నారోబోట్ టిల్లర్: థ్రాటిల్ తగ్గితే చుక్కాని చచ్చిపోతుంది

ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే సన్నని పొడుగాటి పడవ నారోబోట్. దాన్ని అద్దెకు తీసుకున్న కొత్తవాళ్లకు రేవులో చెప్పే మొదటి మాట: ముక్కు ఎడమకు వెళ్లాలంటే టిల్లర్ (వెనక నిలబడి చుక్కానిని తిప్పే చేతికమ్మి) కుడికి తొయ్యాలి. అందరూ దానికే భయపడతారు. నిజానికి గంట తిరిగేసరికి చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. ఇంగ్లండ్‌లో మొదలై వేల్స్‌లోకి వెళ్లే లాంగోలెన్ కాలువ మీద కొన్ని వేసవులుగా 57 అడుగుల అద్దె పడవలు నడుపుతున్నాను. ఈ టిల్లర్ అంటే నాకు ప్రాణం. అయితే కొత్తవాళ్లకు దాని గురించి చెప్పాల్సిన అసలు సంగతి చెప్పకుండానే తాళం చేతిలో పెట్టేస్తున్నారు. నా కోపమంతా అక్కడే.

చుక్కాని పనిచేసేది ప్రొపెల్లర్ వెనక్కి తోసే నీళ్ల బలంతో. ఆ నీళ్లు రేకుకు తగిలితేనే పడవ మాట వింటుంది. కారు అలవాటున్నవాళ్లు ఇరుకు చూడగానే థ్రాటిల్ పూర్తిగా తగ్గించి న్యూట్రల్‌లో పెడతారు. పదిహేను టన్నులు దాటిన ఇనుము ముందుకు పోతూనే ఉంటుంది, తిప్పే శక్తి మాత్రం మనచేతిలో ఉండదు. గట్టుకు గుద్దుకునేది ఎక్కువగా అప్పుడే. ఇరుకు దగ్గర వేగం ముందే తగ్గించుకోవాలి, ఆ తర్వాత గేరు ముందుకే ఉంచి సన్నగా నడపాలి. తిరగడం చాలడం లేదనిపిస్తే టిల్లర్‌ను పూర్తిగా పక్కకు తోసి రెండు సెకన్లు థ్రాటిల్ పెంచి వెంటనే తగ్గించాలి. వేగం పెద్దగా పెరగదు, వెనక భాగం మాత్రం జరుగుతుంది.

వెనక భాగమే అన్నాను, ముక్కు కాదు. పొడుగాటి నిచ్చెనను నడుమ దగ్గర పట్టుకుని తిప్పితే ముందు కొస ఒకవైపు, వెనక కొస రెండోవైపు పోయినట్టే ఈ పడవ కూడా నడుమ మీద తిరుగుతుంది. మనం నిలబడేదేమో వెనక కొసన. ముక్కు వంతెన కిందికి చక్కగా దూరిందని సంతోషించేలోపు మన పక్కనున్న అంచు రాయికి రాసుకుంటుంది. పైగా టిల్లర్ తోశాక పడవ కదలడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. తిరగడం లేదేమోనని ఇంకా తోస్తే అవసరమైన దానికంటే ఎక్కువ తిరిగి, కాలువ పొడుగునా పాములా వంకర్లు పోతుంది. కొంచెం తోసి, ఆగి, ముక్కు కదలడం మొదలవగానే టిల్లర్ మధ్యకు తెచ్చెయ్యాలి. అనుకున్న దిక్కుకు పూర్తిగా తిరిగేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

ఈ పాఠానికి లాంగోలెన్ కాలువను మించిన పరీక్ష లేదు. హార్స్‌షూ ఫాల్స్ దగ్గర డీ నదిలోంచి తీసుకున్న నీళ్లు దీని గుండానే హర్ల్‌స్టన్ రిజర్వాయర్‌కు చేరతాయి. అందుకని మిగతా కాలువల్లా నీళ్లు నిలిచి ఉండవు, ఎప్పుడూ ప్రవాహం ఉంటుంది. మిగులు నీళ్లు లాకు (పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎక్కించి దించే తలుపుల తొట్టి) పక్కనున్న చిన్న తూములోంచి దిగి, లాకు కింది తలుపులకు కాస్త ఇవతల అడ్డంగా వచ్చి పడతాయి. కింది నుంచి లాకులోకి ఎక్కేటప్పుడు ఆ ధార సరిగ్గా ముక్కును కొట్టి అవతలి గోడకు నెడుతుంది. పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, లాకు వెడల్పు ఏడడుగుల పైచిలుకు. తప్పు పోవడానికి చోటు లేదు. ముక్కును కావాలనే ధార వచ్చే వైపుకు కొంచెం గురిపెట్టి, థ్రాటిల్ తగ్గించకుండా ధారను దాటించి, ముక్కు గోడల మధ్యకు దూరాక టిల్లర్ మధ్యకు తేవాలి. అప్పుడు రివర్స్ వేసి ఆపాలి. భయంతో ధార మధ్యలో థ్రాటిల్ వదిలేస్తే మిగిలేది గోడే.

చిత్రమేమిటంటే, జనం గుండెలు చేతపట్టుకుని ఎక్కే పాంట్‌కసల్తె ఆక్విడక్ట్ దగ్గర నడపడం అన్నిటికంటే తేలిక. కాలువను నది మీదుగా దాటించడానికి 1805లో తెరిచిన ఇనుప తొట్టి అది, డీ నది మీద 38 మీటర్ల ఎత్తున, ఓ పక్క కటకటాలు కూడా లేకుండా ఉంటుంది. కానీ దారి చూపించేది ఆ తొట్టి అంచులే. సన్నగా పోనిస్తే చాలు. అసలు కష్టం దాన్ని దాటి, ట్రెవర్ నుంచి లాంగోలెన్ వైపు మళ్లాక వచ్చే ఇరుకుల్లో ఉంది. ఒక్క పడవే పట్టే చోట్లు, పైగా ఎదురు ప్రవాహం. పడవలో ఒకరు దిగి గట్టు వెంట ముందు నడిచి, అటు నుంచి ఎవరూ రావడం లేదని చెయ్యి ఊపాకే లోపలికి పోనివ్వాలి.

ఇక ప్రొపెల్లర్‌కు ఏదైనా చుట్టుకుందంటే చుక్కాని కూడా పోయినట్టే. శబ్దం కంటే ముందు టిల్లరే చెబుతుంది. సన్నగా వణుకుతుంది, ఎంత తోసినా పడవ బద్ధకంగా తిరుగుతుంది. తర్వాత వేగం తగ్గుతుంది, గొట్టంలోంచి నల్లపొగ వస్తుంది, రివర్స్ వేసినా ఆగదు. ముందు న్యూట్రల్‌లోకి తెచ్చి, ఒక్కసారి రివర్స్‌లో గట్టిగా తిప్పి చూడాలి. ఆకులైతే విడిపోతాయి. నీలం నైలాన్ తాడు, ప్లాస్టిక్ సంచి లాంటివి విడవవు. అవి బిగుసుకుంటే వీడ్ హ్యాచ్, అంటే ప్రొపెల్లర్‌ను పైనుంచి చేత్తో అందుకునే మూతపెట్టె, తెరవక తప్పదు.

పడవను గట్టుకు లాగి కట్టి, ఇంజన్ ఆపి, చెయ్యి పెట్టే మనిషి తాళం తన జేబులోనే పెట్టుకోవాలి. వెనక పలక ఎత్తితే ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన ఇనుప పెట్టె ఉంటుంది. బిగింపు కమ్మీ విప్పి మూత ఎత్తితే లోపల కాలువ నీళ్లే కనిపిస్తాయి, మట్టం బయటున్నంతే. మందపాటి తొడుగులు తప్పనిసరి, తీగలు కోసేస్తాయి. నైలాన్ తాడు రాపిడికి కరిగి షాఫ్ట్ మీద గట్టి ఉంగరంలా అతుక్కుపోతుంది. దాన్ని లాగితే రాదు, పళ్లున్న కత్తితో షాఫ్ట్ పొడవునా కోసి ఒలవాలి. కత్తికి దారం కట్టి మణికట్టుకు తగిలించుకోవాలి, జారితే కాలువ అడుగుకే. ఒకసారి మాకు ఇలా చుట్టుకున్నప్పుడు అద్దె పడవలో పెట్టిన కత్తి మొద్దుది. పది నిమిషాల పని అందుకే మధ్యాహ్నమంతా పట్టింది. అద్దెకిచ్చేవాళ్లు వీడ్ హ్యాచ్ గురించి రెండు ముక్కలు చెప్పి, ఓ మంచి కత్తి పెట్టడానికి ఏం ఖర్చవుతుంది?

మూత తిరిగి పెట్టడం తియ్యడం కంటే ముఖ్యం. రబ్బరు అంచు సరిగ్గా కూర్చోకపోయినా, కమ్మీ వదులైనా, ప్రొపెల్లర్ చిమ్మే నీళ్లు ఇంజన్ గదిలోకి ఎగజిమ్ముతాయి. పడవలు మునిగిపోయేది ఇలాగే. తాళ్లు విప్పకముందే ఇంజన్ వేసి, గేరు ముందుకు పెట్టి కాసేపు సన్నగా నడిపి, మూత చుట్టూ చెమ్మ లేదని చూసుకున్నాకే కదలాలి.

గంటలో అలవాటవుతుందని పైన అన్నాను. అది గాలి లేని రోజు మాట. నీళ్లలో రెండడుగులే దిగి, పైన గోడలా నిలబడే ఈ పడవను పక్కగాలి ముక్కు పట్టి తోస్తుంది. గాలి వైపుకు కొంచెం ఏటవాలుగా పెట్టుకుని నడపడం కొత్తవాళ్లకు వెంటనే రాదు. రివర్స్‌లోనైతే చుక్కాని పనిచేయనట్టే. కుడిచేతి వాటం ప్రొపెల్లరైతే వెనక భాగం ఎడమకు లాగుతుంది. మధ్యమధ్య ముందు గేరులో చిన్న ఊపు ఇచ్చి సరిచేసుకోవాలి. రివర్స్‌లో నీళ్లు చుక్కానిని ఒక్కసారి పక్కకు విసిరేస్తాయి కాబట్టి టిల్లర్ తిరిగే మేర లోపల ఎవరూ నిలబడకూడదు. తగిలితే మనిషి నీళ్లలో, తిరిగే ప్రొపెల్లర్ పక్కన.

ఇంత చెప్పినా నేను మళ్లీ ఈ కాలువకే వెళ్తాను. కాకపోతే మాతో లాకు తలుపులు తోసేవాళ్లు ఇద్దరు, ముందు నడిచి చూసేవాళ్లు ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఇద్దరే వెళ్లేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు 45 అడుగుల పడవ చూసుకోవడం నయం. మా ఇంట్లో అందరికీ నచ్చిన 57 అడుగులు వాళ్లకు భారమే కావచ్చు. మొదటిసారైతే మనిషి పక్కన మనిషి నిలబడి నేర్పేంత వెడల్పున్న వెనక డెక్ తీసుకోండి. వెళ్లేటప్పుడు మంచి పళ్ల కత్తి ఒకటి ఇంటినుంచే పట్టుకెళ్లండి.