తేమ మీటర్: పసుపెక్కిన ఆకుల గురించి ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇంట్లో మొక్క ఆకులు పసుపెక్కి వాలిపోతే చాలామంది ముందు చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తారు. మట్టి ఎండినా, నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లినా మొక్క పైకి దాదాపు ఒకేలా కనిపిస్తుంది. తడి మట్టిలో గాలి అందక వేర్లు నీటిని పీల్చుకోలేవు, అందుకే నీళ్లలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. పైన రెండంగుళాలు పొడిగా ఉండి అడుగున బురదగా ఉన్న కుండీలో వేలు పెట్టి చూస్తే ఏమీ తెలియదు. బ్యాటరీ అక్కర్లేని తేమ మీటర్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

జానెడు చువ్వ, పైన 1 (పొడి) నుంచి 10 (తడి) దాకా అంకెలు, ఒక ముల్లు. చువ్వలో రెండు వేర్వేరు లోహాలుంటాయి. తడి మట్టిలో దిగగానే వాటి మధ్య కొద్దిపాటి కరెంటు పుట్టి ముల్లు కదులుతుంది. అంటే అది కొలిచేది నేరుగా నీటిని కాదు. మీటర్ చూపించే తప్పులకు మూలం ఇదే. ఎరువు వేసిన కొత్తలో మట్టిలో లవణాలు పెరిగి, ఉన్నదానికంటే ఎక్కువ తడి చూపిస్తుంది. బెరడు ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) బాగా కలిపిన గుల్ల మిశ్రమంలో చువ్వకు మట్టి సరిగా ఆనదు, తడి ఉన్నా ముల్లు 2 దగ్గరే ఆగిపోతుంది. ఆ అంకె నమ్మి మళ్లీ నీళ్లు పోస్తే వేర్లు కుళ్లడం ఖాయం. ఆర్కిడ్ కుండీల్లో దీన్ని వాడనే వాడొద్దు.

మీటర్ మీద రాసిన ‘పొడి’, ‘తడి’ గీతల కంటే మీ మట్టికి మీరు వేసుకున్న లెక్క మేలు. కుండీకి నిండా నీళ్లు పోసి, అడుగు నుంచి కారడం ఆగాక అంకె చూడండి. తర్వాత రోజూ అదే లోతులో చూస్తూ, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించిన రోజు అంకె రాసుకోండి. మళ్లీ నీళ్లు పోయాల్సింది సుమారు ఆ అంకె దగ్గర. పీస్ లిల్లీకి కాస్త ముందే పోయాలి, స్నేక్ ప్లాంట్‌కు మట్టి పూర్తిగా ఆరాకే.

చువ్వను కాండానికీ కుండీ అంచుకూ మధ్యలో, లోతులో మూడింట రెండు వంతుల దాకా దించాలి. గట్టిగా తగిలితే నొక్కొద్దు, పక్కకు జరిపి గుచ్చండి. రెండు మూడు చోట్ల చూశాక తీసి పొడిగుడ్డతో తుడవాలి. మట్టిలోనే వదిలేస్తే లోహం తుప్పుపట్టి, కొన్నాళ్లకు ఏ కుండీలో పెట్టినా ఒకే అంకె చూపిస్తుంది.

ముల్లు 8 దాటి, కింది ఆకులు మెత్తబడి పసుపెక్కుతుంటే మొక్కను కుండీ నుంచి తీసి వేర్లు చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే నీళ్లు ఆపితే చాలు. గోధుమ రంగులో, పట్టుకుంటే పైపొర ఊడివచ్చి లోపలి దారం మిగులుతుంటే, వాసన కూడా వస్తుంటే, అది వేరుకుళ్లు. కుళ్లినవన్నీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, మిగిలిన వేర్లకు సరిపడే చిన్న కుండీలో కొత్త మట్టితో నాటాలి. ముల్లు 1, 2 దగ్గర ఉండి ఆకుల అంచులు కరకరలాడుతుంటే నీళ్లు చాలలేదు. ఎండిన మట్టి కుండీ గోడను వదిలేస్తే పైన పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. అలాంటి కుండీని అరగంట నీళ్ల పళ్లెంలో ఉంచి తీయండి.

ముల్లు మధ్యలో ఉన్నా పసుపు ఆగకపోతే మీటర్‌ను పక్కన పెట్టి ఆకునే చూడాలి. పాత ఆకులు మొత్తం పాలిపోతే నత్రజని లోపం కావచ్చు. కొత్త ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము లోపం. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నని దారాలు, చుక్కలు కనిపిస్తే నల్లి అనే చిన్న పురుగు పట్టింది. అన్నిటికంటే కిందున్న ఒకటి రెండు ఆకులే పండితే వయసు వల్లే, కంగారొద్దు.

వెలుతురు, పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణం) కూడా చూపించే ‘త్రీ ఇన్ వన్’ రకాలకు అదనంగా డబ్బు పెట్టొద్దు. వాటి పీహెచ్ అంకెను నమ్మి మట్టిలో ఏదీ కలపకూడదు. నాలుగైదు అంగుళాల కుండీలే ఉన్నవారికి మీటరే అనవసరం, ఎత్తి చూస్తే బరువే చెబుతుంది. కదపలేని పెద్ద కుండీలున్నవారు మాత్రం తప్పకుండా కొనండి, మామూలు ఒంటి చువ్వ రకం చాలు.