తిన్నాక వజ్రాసనం, నాలుగేండ్లు చేసినాక నా మాట

మాది కడప. అంగడి మూసి ఇంటికొచ్చేసరికి రాత్రి 10, అప్పుడు సంగటి, ఊరిబిండి కడుపునిండా తిని అట్లే పండుకుంటే తెల్లార్లూ పుల్ల తేన్పులు, గుండెల్లో మంట. మాత్రలు మింగి మింగి విసుగొచ్చినాక, తిన్న తర్వాత కూడా వేయగలిగే ఆసనం ఇదొక్కటే అని ఎవరో చెప్తే 2021లో మొదలుపెట్టినా.

మొదటి వారం నరకమే. మా ఇంట్లో కింద కడప బండలు, వాటి మింద మోకాళ్ళేసి మడమల మధ్య కూచుంటే చీలమండ ఎముక కమిలిపాయ, నిమిషం కూడా ఆగలేకపోయినా. మాయమ్మ చూసి "వట్టి బండ మింద ఎవురన్నా కూచుంటారా రా, బొంతేసుకో" అనింది. బొంత మడిచి కాళ్ళ కింద, పిక్కకూ తొడకూ మధ్య చిన్న దిండు, అప్పుడు కుదిరింది. పక్కంగడి భాయ్ ఒకటే నవ్వు, నమాజులో వాళ్ళు కూచునేది దాదాపు ఇట్లే కదా, చిన్నప్పటి అలవాటు, ఆయనకు నొప్పే తెలీదు.

తేన్పులు మాత్రం బాగా తగ్గినాయి. అందులో ఆసనం మహిమ ఎంతో, తిన్న వెంటనే పండుకోకుండా నిటారుగా కూచున్నందుకు ఎంతో నాకు తేలలే. పొట్ట తగ్గుతాదని చెప్పేవాళ్ళను నమ్మాకండి, నావి అవే ప్యాంట్లు, అదే బెల్టు బొక్క.

ఇంగ అసలు సంగతి. ఒకరోజు ఐపీఎల్ మ్యాచ్ చూస్తా చూస్తా 45 నిమిషాలు అట్లే కూచుండిపోయినా. లేచి నడిస్తే కుడిపాదం ముందుభాగం పైకి లేవదే! తిమ్మిరిలే అనుకుంటి, చెప్పు జారిపోతాంది, వేళ్ళు నేలకు రాసుకుంటాండాయి, రెండ్రోజులైనా పోలే. డాక్టరు చూసి, మోకాలి బయటిపక్క ఎముకను చుట్టుకుని పోయే నరం నొక్కుకుపోయిందన్నాడు. కొత్తదేం కాదంట, 1971లోనే అమెరికా డాక్టర్ల పత్రికలో 'యోగా ఫుట్ డ్రాప్' అని రాసినారు. నాకు మూడు వారాలకు సర్దుకునింది గానీ ఆ మూడు వారాలు నిద్ర లేదు.

ఇప్పుడు ఫోన్లో అలారం పెట్టుకుని 10 నిమిషాలే, కాలు మొద్దుబారినట్టు అనిపిస్తే అంతకు ముందే ఆపేస్తా. దిగ్గున లేయకుండా ఒక పక్కకు ఒరిగి, కాళ్ళు చాపి, పాదాలు ఆడించి అప్పుడు లేస్తా.

మోకాళ్ళు అరిగినోళ్ళు, మోకాలి ఆపరేషన్ అయినోళ్ళు, చీలమండ బెణికినోళ్ళు దీని జోలికి పోవద్దు. మా నాయనను ఒక జూన్ 21న యోగా క్యాంపులో ఏం కాదు కూచో పెద్దాయనా అని కూచోబెట్టినారు, వారం రోజులు మోకాలు వాపు. ఆయన ఇప్పుడు తిన్నాక వరండాలో అటూ ఇటూ తిరుగుతాడు, అంతే. ఆయనకూ తేన్పులు లేవు.